రెండేళ్ళుగా నేనే

డాక్టర్ కల్పలత గది తలుపుకు గడియ లేదు. మొదటిసారి వచ్చినప్పుడు హదస్సా చూసింది డాక్టరు ముఖాన్ని కాదు, గోడ మీది పట్టాలను కాదు, గడియ లేని ఆ తలుపును. అది చూసుకున్నాకనే కుర్చీలో కూర్చోగలిగింది. ఇవాళ ఆ తలుపు మెల్లగా మూసుకుంది. లోపల ఆశీష్, బయట గోడవార బల్ల మీద తను, పైన తిరగలేక తిరుగుతున్న ఫ్యాను, కిటికీ అవతల కానుగ చెట్టు. మారేడ్‌పల్లి మధ్యాహ్నం ఎప్పటిలాగే సగం నిద్రలో ఉంది, ఎక్కడో కుక్కర్ కూత, ఎవరో బాల్కనీలోంచి ఇస్త్రీ అతన్ని కేకేసి పిలుస్తున్నారు, లోపల గదిలో మాత్రం ఒక మనిషికి అతని భార్య ఎవరో చెబుతున్నారు. భార్య. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి హదస్సాకు ఆలోచన తెగిపోతుంది. ఆధార్ కార్డు మీద, చర్చి పెళ్ళి రిజిస్టర్లో, స్కూల్లో తను పాఠాలు చెప్పే నాలుగో తరగతి గది బయట ఉన్న పేరు జెరూషా. ఆశీష్‌కు జెరూ. ఈ ఒంట్లో ఉంటున్న నలుగురిలో తన పేరు హదస్సా, ఎప్పుడో సండే స్కూల్లో విని, నచ్చి, ఎవరికీ చెప్పకుండా తనకు తాను పెట్టుకున్న పేరు. కొన్ని నెలల కిందట ఈ డాక్టరు "మిమ్మల్ని ఏమని పిలవమంటారు?" అని అడిగేదాకా ఆ పేరును పైకి పలికినవాళ్ళు లేరు. పలికితే విని, చేతి రుమాలు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

పోయిన వారం డాక్టరు అడిగింది, మీ ఆయనకు ఏం చెప్పమంటారు, ఏం వద్దంటారు అని. అన్నీ చెప్పండి అంది హదస్సా. నలుగురున్నామని చెప్పండి, పిచ్చి కాదని చెప్పండి, దెయ్యం కాదని చెప్పండి, చిన్నప్పుడు ఒక పసిపిల్ల మోయలేనిది మోయవలసి వచ్చి నలుగురయ్యిందని చెప్పండి, దీనికి ఇంగ్లీషులో ఒక పేరుందని కూడా చెప్పండి, ఆయనకు ఇంగ్లీషు పేరుంటే కొంచెం ధైర్యం. డాక్టరు అన్నిటికీ తల ఊపి, ఒకటి మాత్రం నేను చెప్పను, అది మీ నోటితో రావాలి, రాకపోయినా నేను తప్పు పట్టను అంది. ఆ ఒకటి ఏమిటో ఇద్దరికీ తెలుసు. ఆశీష్ ప్రేమించి పెళ్ళి చేసుకున్న మనిషి, జెరూ, రెండేళ్ళుగా బయటికి రాలేదు. రెండేళ్ళుగా అతనితో కాపురం చేస్తున్నది హదస్సా.

పక్కన ఒక పెద్దావిడ వచ్చి కూర్చుంది, ఒళ్ళో సంచీ, సంచీలోంచి తొంగిచూస్తున్న మజ్జిగ సీసా. "ఎవరికమ్మా, నీకా? లోపలికెళ్ళిన అబ్బాయికా?" అని అడిగింది. హదస్సాకు నవ్వొచ్చింది. ఎవరికని చెప్పాలి? "మా ఇంట్లోవాళ్ళకండీ" అంది. "అంతేలే, ఒకళ్ళకు బాగోకపోతే ఇంటిల్లిపాదీ రావాల్సిందే" అంది ఆవిడ. హదస్సా లోపల, ఆ నలుగురిలో పెద్దదైన రోసమ్మ కిసుక్కున నవ్వింది. రోసమ్మ అలాగే నవ్వుతుంది, ముక్కుపొడుం పీల్చినట్టు. ఏం అమ్మాయ్, ఆవిడ సరిగ్గానే చెప్పిందిగా, ఇంటిల్లిపాదీ వచ్చాంగా, అంటుంది. రోసమ్మ గొంతు చెవితో వినేది కాదు, కానీ ఆలోచన అని కూడా అనలేం, తన ఆలోచనకు బాపట్ల యాస ఉండదు కదా. అమ్మమ్మ పేరు రోసమ్మ, అమ్మమ్మ మాట తీరే ఈ రోసమ్మది. అమ్మమ్మ పోయి పాతికేళ్ళు దాటింది, ఈమె ఉంది. ఈమె అమ్మమ్మ కాదని హదస్సాకు తెలుసు, రోసమ్మకూ తెలుసు. అమ్మమ్మ కావాలని ఒక పిల్ల చీకట్లో అంతగా ఏడిస్తే వచ్చిన మనిషి, అంతే. రోసమ్మ కొంగు పట్టుకుని చిట్టి ఉంటుంది. చిట్టికి ఏడేళ్ళు. ఏళ్ళు గడిచినా చిట్టికి ఏడేళ్ళే. ఫ్యాన్ ఎందుకు టకటకలాడుతోంది, చెట్టు మీద ఉడుతకు పేరుందా, ఆశీష్ గారు కోప్పడి వస్తారా, అని ఇందాకటి నుంచీ అడుగుతూనే ఉంది. కోప్పడరులే, అంటుంది హదస్సా, తనకే నమ్మకం లేకుండా.

చిట్టి ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలంటే ఆ హాస్టలు గురించి చెప్పాలి. ఇప్పటికీ, డాక్టరు గదిలో అరుదుగా తప్ప, ఎవరూ ఎక్కడా దాని పేరు ఎత్తరు. అమ్మ మేబెల్ జ్వరంతో పోయింది, ఆ వెంటనే అమ్మమ్మ పోయింది, నాన్న మళ్ళీ పెళ్ళి చేసుకుని పిల్లను హాస్టల్లో వేశాడు. అక్కడ రాత్రి పక్క తడిపిన పిల్లలను మేడమ్ గారు సరుకుల గదిలో పెట్టి బయట గడియ వేసేది. బియ్యం బస్తాల వాసన, ఎలుకలు, తలుపు కింద నుంచి సన్నగా వెలుతురు గీత, ఆ గీత కూడా ఆరిపోయేది. ఆ గదిలోకి వెళ్ళింది ఒక్కతే పిల్ల. తెల్లారి బయటికి వచ్చి పళ్ళు తోముకుని, బడికి వెళ్ళి, ఎక్కాలు తప్పు లేకుండా అప్పజెప్పింది మరొకతె. ఆ రెండో పిల్లే హదస్సా. ఆమెకు గది గుర్తులేదు, తలుపు తెరిచిన వెలుతురు మాత్రం గుర్తుంది. గదిని చిట్టి ఉంచేసుకుంది. చిట్టిని రోసమ్మ ఒళ్ళోకి తీసుకుంది. ఇంకా తరువాత, సికింద్రాబాద్‌లో మేనత్త ఇంటికి చేరి, మొదటిసారి చర్చిలో పాటల వరుసలో నిలబెట్టినప్పుడు, ఎవరూ ఊహించని గొంతుతో ఒకతె పాడింది. ఆమె జెరూ. జెరూకు హాస్టలు తెలియదు, గది తెలియదు, తనతో ఇంకెవరో ఉన్నారని తెలియదు. మధ్యమధ్య రోజులు జారిపోతే, నాకు మతిమరుపు ఎక్కువ అని నవ్వేసేది. పరీక్షలొస్తే హదస్సా, ఇంజెక్షన్ అంటే హదస్సా, మేనత్తతో మాటపడాలంటే హదస్సా. పాట వస్తే జెరూ. ఎవరూ ఒప్పందం చేసుకోలేదు, అలా జరిగిపోయింది, అందులో హదస్సాకు బాధ కూడా ఉండేది కాదు. పక్కింట్లో పెళ్ళి జరుగుతుంటే మేడ మీద నుంచి చూసే పిల్లలా ఉండేది.

డాక్టరు గదిలో ఏదో శబ్దం, కుర్చీ జరిగినట్టు. హదస్సా తల ఎత్తింది. తలుపు తెరుచుకోలేదు. ఏం చెబుతూ ఉంటుంది డాక్టరు ఇప్పుడు? ఎంతవరకు వచ్చి ఉంటుంది? చెప్పడం ఎంత కష్టమో తనకు తెలుసు, రెండుసార్లు ప్రయత్నించి రెండుసార్లూ చెయ్యి కాల్చుకుంది. స్టాఫ్‌రూమ్‌లో సృజనకు చెప్పింది ఒకసారి, టిఫిన్ డబ్బాలు ముందు పెట్టుకుని. సృజన మంచిది, ఒక్కగానొక్క స్నేహితురాలు, చెప్పేదంతా కళ్ళు పెద్దవి చేసుకుని విని, "అరే, అచ్చం ఆ సిన్మల లెక్కనే ఉందే!" అని, "మరి నాకు ఒకసారి చూపించవా? జెర వేరే ఆమె తీరు మాట్లాడు" అంది. ఆ మాటలో ద్వేషం లేదు, అదే తట్టుకోలేకపోయింది హదస్సా. తను పుట్టినప్పటి నుంచీ దాచుకున్న ఇంటి తలుపు తీసి చూపిస్తే, ఎగ్జిబిషన్‌కు వచ్చినట్టు టికెట్ ఎక్కడ అని అడిగినట్టయింది. "మజాక్ చేసిన" అని నవ్వేసి డబ్బా మూసేసింది. అంతకు చాలా ముందు, కాలేజీ రోజుల్లో, యాప్రాల్‌లో ప్రార్థన కూటం నడిపే ప్రిసిల్లా ఆంటీకి చెప్పింది. అప్పుడు ధైర్యం చేసింది రోసమ్మ, పెద్దమనిషి కదా, అర్థం చేసుకుంటుందని. ప్రిసిల్లా ఆంటీ అర్థం చేసుకుంది, తన పద్ధతిలో. నూనె రాసి, నలుగురు ఆడవాళ్ళను చుట్టూ కూర్చోబెట్టి, భుజాలు పట్టించి, పొద్దు వాలేదాకా దెయ్యాన్ని గద్దించింది. ఆ అరుపులకు బెదిరి చిట్టి బయటికి వచ్చేసింది. అదుగో, చిన్నపిల్ల వేషంలో వచ్చింది చూడండి, నమ్మకండి అని ఆంటీ ఇంకా గట్టిగా అరిచింది. ఆ రాత్రి లోపల చిట్టి ఒకే మాట అడిగింది. "నేను దెయ్యాన్నా, అమ్మమ్మా?" రోసమ్మ ఏం చెప్పిందో హదస్సాకు గుర్తులేదు. చిట్టి ఆ తరువాత ఎంతోకాలం మాట్లాడకపోవడం మాత్రం గుర్తుంది. క్లాసులో పిల్లల రంగు పెన్సిళ్ళు టేబుల్ మీద పరిచినా, సందులో బుడగలమ్మేవాడు ఈల ఊదినా, రాలేదు. దేవుడి పాటలంటే అంత ఇష్టపడే పిల్లను దేవుడి పేరు చెప్పి వెళ్ళగొట్టారు. అప్పుడే నిశ్చయించుకుంది హదస్సా, ఇక ఎవరికీ చెప్పకూడదని. సృజన దగ్గర ఒక్కసారే ఆ మాట తప్పింది.

ఆశీష్‌కు కూడా చెప్పలేదు. ఆశీష్‌ను ఇష్టపడి ఎంచుకున్నది జెరూ. క్రిస్మస్ పాటల ప్రాక్టీసులో మగవాళ్ళ వరుసలో చివర నిలబడి, ఒక్క పాటా శ్రుతిలో పాడలేక, అయినా ప్రతి ప్రాక్టీసుకూ వచ్చే పొడుగాటి మనిషి. రైల్వే ఆఫీసులో ఉద్యోగం, మెట్టుగూడలో క్వార్టరు. ఏం పాడుతున్నావయ్యా నువ్వు అని జెరూ ఒకరోజు అడిగితే, "నేను పాడనీకి వస్తలేను, విననీకి వస్తున్న" అన్నాడు. ఆ మాట హదస్సా కూడా విన్నది, మేడ మీద నుంచి. పెళ్ళినాడు దండలో ముఖం దాచుకుని నవ్విందీ, పాస్టరు గారు అడిగితే గొంతు వణక్కుండా ఔనందీ జెరూ. హదస్సా ఆ రోజంతా ఒక్కసారి కూడా ముందుకు రాలేదు, రావలసిన పని పడలేదు. పెళ్ళయిన మొదటి మూడేళ్ళలో వచ్చింది కొద్దిసార్లే, పంటినొప్పికి ఒకసారి, అత్తగారు విమలమ్మ కోపానికి కొన్నిసార్లు. ఆ ఇల్లు జెరూ ఇల్లు. వంట చేస్తూ పాడేది, బట్టలు ఆరేస్తూ పాడేది, కడుపులో బిడ్డ కదిలితే బిడ్డ కోసం వేరే పాటలు కట్టేది.

ఏడో నెలలో బిడ్డ కదలడం మానేసింది.

ఆ రోజు దవాఖానాలో ఏం జరిగిందో హదస్సాకు సగమే తెలుసు. కాన్పు నొప్పులు జెరూవి. పుట్టినాక ఏడవని బిడ్డను గుడ్డలో చుట్టి తెచ్చి, ఒకసారి చూస్తారా అని నర్సు అడిగిందట, జెరూ చూసిందట. ఇది రోసమ్మ చెప్పిన సంగతి. ఆ తరువాత కళ్ళు తెరిచింది హదస్సా. తెల్లటి దీపం, చేతికి సెలైన్ సూది, రొమ్ముల్లో సలపరం, కుడిచేతిని ఎవరో రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉన్నారు. తల తిప్పితే ఆశీష్. అతని గడ్డం మాసి ఉంది, ముక్కు ఎర్రగా ఉంది. "జెరూ, నేనున్న, నేనున్న" అంటున్నాడు. ముప్పై ఏళ్ళ ఒంట్లో, అంతకాలంలో, హదస్సా చెయ్యిని ఒక మనిషి అలా పట్టుకోవడం అదే మొదలు. దెబ్బలకు వచ్చింది, సూదులకు వచ్చింది, చావులకు వచ్చింది, ఎప్పుడూ ఎవరూ చెయ్యి పట్టుకోలేదు. నేను జెరూను కాదు అనాలి అప్పుడు. అనలేదు. అనుకున్నది కూడా, జెరూ లేచేదాకా కాసేపు పట్టుకుంటే ఏమవుతుందిలే అని. జెరూ లేవలేదు. ఆ రోజు లేదు, బిడ్డను మట్టిలో పెట్టిన రోజు లేదు, నెల తరువాత లేదు. లోపల చివరి గదిలో గోడ వైపు తిరిగి పడుకుని ఉందని రోసమ్మ చెబుతుంది, పిలిస్తే పలకదు, పసిపిల్లల పౌడరు వాసన వస్తుంది ఆ గది ముందు. రోసమ్మ రోజూ వెళ్ళి వాకిట కూర్చుని వస్తుంది. హదస్సా వెళ్ళదు. భయం. లోపల జెరూ ఉందని కాదు. లేచి వస్తుందేమోనని. ఈ మాట డాక్టరుకు కూడా చెప్పలేదు.

ఎందుకంటే, రెండేళ్ళు అలవాటయ్యాయి. ఆశీష్‌కు చాయ్‌లో అల్లం ఎక్కువ వేయాలని, నిద్రలో ఎడమవైపు ఒత్తిగిలితే గురక పెడతాడని, కోపమొస్తే మాట తగ్గిస్తాడని తనంతట తాను నేర్చుకుంది. వానాకాలంలో అతను బండి మీద నుంచి పడి కాలు విరిగితే, పిండికట్టుతో ఉన్న మనిషికి నీళ్ళు పోసి, గోళ్ళు తీసి, ముక్కు మీద వాలిన ఈగను తోలింది. వాళ్ళ నాన్న పోయిన రోజు నేల మీద అతని పక్కన కూర్చుని, తెల్లవార్లూ వీపు నిమిరింది. అతను ఆ పొద్దున "నువ్వు లేకపోతే నేనేమైతుంటినో జెరూ" అన్నాడు. అలాంటి మాట ఎప్పుడొచ్చినా చివర్లో ఆ పేరు వస్తుంది. అన్నం వడ్డించిన చెయ్యి తనది, బాగుందన్న మాట వేరొకరికి. చర్చిలో పాటల గుంపు మానేసింది, గొంతు పోయిందని చెప్పింది. అతను గొంతు డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్ళాడు, ఆ డాక్టరు టార్చి వేసి చూసి ఏమీ లేదన్నాడు. ఏమీ లేదు నిజమే. ఈ గొంతులో పాట లేదు, అంతే. కొన్నిసార్లు హదస్సా వంట చేస్తుంటే ఆశీష్ వంటింటి గుమ్మానికి ఆనుకుని ఊరికే నిలబడతాడు. ఏందీ అంటే ఏం లేదంటాడు. వినడానికి వచ్చాడని ఆమెకు తెలుసు.

ఆ వినాలన్న ఆశే ఇంతదాకా తెచ్చింది. పోయిన నెల ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చాక, వంటింటి వెనక సామాను గదిలోకి పాత టిఫిన్ క్యారియర్ కోసం వెళ్ళింది. ఆశీష్ మంచి హుషారుగా ఉన్నాడు, చాలా రోజుల తరువాత. వెనకాలే వచ్చి తలుపు మూసి బయట గడియ పెట్టాడు. "ఒక పాట పాడు, అప్పుడే తీస్త!" అని నవ్వుతూ అరిచాడు. గడియ పడిన చప్పుడు వరకే హదస్సాకు తెలుసు. ఆ తరువాతది రోసమ్మ చెప్పిందీ, ఆశీష్ చెప్పిందీ కలుపుకోవాలి. లోపలి నుంచి ఒక చిన్నపిల్ల గొంతు, అతను ఎప్పుడూ వినని యాస, "తీయండి మేడమ్ గారండీ, ఇంకెప్పుడూ పక్క తడపనండీ, మీ కాళ్ళు పట్టుకుంటానండీ" అని. మొదట ఆట అనుకున్నాడట. గోళ్ళతో తలుపు గీకే చప్పుడు విని తీశాడు. భార్య మూలన ముడుచుకుని కూర్చుని, బట్టలు తడిసి, అతన్ని చూసి మోచేతులు అడ్డం పెట్టుకుని, "మీరెవరండీ?" అని అడిగింది. కాసేపటికి ఆ ముఖమే మారి, నడుం నిటారుగా చేసుకుని, ముసలమ్మ మాటతో, "భయపడకు నాయనా, పిల్ల జడుసుకుంది. కాసిని మంచినీళ్ళు తెచ్చిపెట్టు" అన్నది. అతను తెచ్చాడు. హదస్సా వచ్చేసరికి అతను గడియను స్క్రూడ్రైవర్‌తో పీకేస్తున్నాడు, ఏడుస్తూ. అప్పుడు చెప్పింది, డాక్టరు దగ్గరికి వెళ్తున్నానని, ఇన్నాళ్ళూ ట్యూషన్ చెప్పడానికని వెళ్ళింది అబద్ధమని. ఇంతకంటే ఏమీ చెప్పలేకపోయింది. నెల రోజులు అతను ఇంట్లో, ఆమె జడుసుకోకుండా, దగ్గి మరీ గదిలోకి వచ్చాడు.

ఇప్పుడు డాక్టరు గది లోపల కూర్చున్నాడు. చెప్పకపోతే ఏమవుతుంది? డాక్టరు చెప్పదు. రోసమ్మ చెప్పదు, నీ ఇష్టం అమ్మాయ్ అని వదిలేసింది. అతను బయటికి వచ్చి జెరూ అంటాడు, ఊ అంటే చాలు, రేపటి నుంచి జెరూషాతో పాటు ఇంకెవరో ఉన్నారట అనుకుని ఊరుకుంటాడు, ఆ ఇంకెవరో అనే లెక్కలో తను ఒదిగిపోవచ్చు, చాయ్ పెట్టవచ్చు, బండి మీద వెనక కూర్చుని నడుం పట్టుకోవచ్చు. కానీ ఎన్నాళ్ళు? వంటింటి గుమ్మం దగ్గర ఆ మనిషి అలా ఎన్నాళ్ళు నిలబడతాడు? బిడ్డ పోయిందని అతనికి తెలుసు, ఏడ్చాడు. జెరూ కూడా పోయిందో, పోలేదో, ఆ సంగతి మాత్రం అతనికి తెలియదు. తెలియకుండా ఎదురుచూస్తున్నాడు. ఎదురుచూస్తున్నానని కూడా తెలియకుండా.

తలుపు తెరుచుకుంది. ఆశీష్ బయటికి వచ్చాడు, కళ్ళు ఉబ్బి ఉన్నాయి, ముఖం కడుక్కున్నట్టుంది, చొక్కా కాలరు తడిగా ఉంది. వెనక డాక్టరు నిలబడి హదస్సాను ఒక్క క్షణం చూసి, ఏమీ అడగకుండా లోపలికి వెళ్ళిపోయింది. "పోదమా?" అన్నాడు ఆశీష్. పెద్దావిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "నయమైపోతుందిలే నాయనా" అంది. అతను ఆమెకు దండం పెట్టాడు. మెట్లు సగం దిగాక ఆగి, అక్కడే ఒక మెట్టు మీద కూర్చున్నాడు. హదస్సా రెండు మెట్లు పైన కూర్చుంది.

"నలుగురంట గదా" అన్నాడు, చేతుల్లోని హెల్మెట్‌ను తిప్పుతూ. "గా దినం ఏడ్చింది చిట్టి. నీళ్ళు అడిగింది రోసమ్మ. చిన్నగున్నప్పుడు శాన పరేషాన్ చేసిన్రంట కదా, గందుకే గిట్ల అయిందని చెప్పింది డాక్టర్. నాకు మొత్తం సమజ్ కాలే. కాని నేననుకున్న, సరే, ఇంట్ల మందెక్కువున్నరు, గంతే గదా. మా జెరూ ఉంది, జెరూ తోని ఇంకో ముగ్గురున్నరు." నవ్వబోయాడు. తల తిప్పి చూశాడు. "ఇప్పుడు నువ్వు జెరూవే గదా?"

ఊ అంటే చాలు. ఆ ఒక్క అక్షరం నాలుక మీదికి వచ్చింది కూడా. అతని ముఖంలో ఎంత ఆశ ఉందంటే, ఆ ముఖాన్ని అలాగే ఉంచడానికి ఏమైనా చేయవచ్చనిపించింది, పాట నేర్చుకోవచ్చు, గొంతు మార్చుకోవచ్చు, చచ్చిపోయేదాకా జెరూగా ఉండవచ్చు.

"కాదు ఆశీష్" అంది. "నేను హదస్సా."

"మరి జెరూ?"

"దవాఖాన్ల, పాపను చూసినంక, లోపలికి పోయింది. మళ్ళ రాలే."

మెట్ల కింద ఎవరో స్కూటర్ స్టార్ట్ చేసి వెళ్ళిపోయారు. "ఎప్పటిదాంక రాలే?"

"ఇప్పటిదాంక. రెండేళ్ళుగా నేనే."

"నా కాలు ఇరిగినప్పుడు?"

"నేనే."

"డాడీ పోయినప్పుడు... నా పక్కన కూసున్నది?"

"నేనే."

అతను హెల్మెట్‌ను ఒళ్ళో పెట్టుకుని, దాని మీద నుదురు ఆన్చి, అలా ఉండిపోయాడు. భుజాలు కదులుతున్నాయి. ఆ వీపు నిమరడానికి హదస్సా చెయ్యి తనకు తెలియకుండానే లేచింది, మధ్యలో ఆగింది. ఆ చెయ్యి ఎవరిదో ఇప్పుడు అతనికి తెలుసు. చివరికి అతను లేచి, చేతి వెనకతో ముఖం తుడుచుకుని, ఆమె కళ్ళల్లోకి కాక చెప్పుల వైపు చూస్తూ అన్నాడు. "మీకు శాన తక్లీఫ్ ఇచ్చిన. థాంక్సండీ."

మీకు అన్నాడు. నలుగురున్నారని అన్నాడా, పరాయి మనిషినని అన్నాడా? రెండిటికీ అదే మాట. రెండేళ్ళలో అతను తిట్టినప్పుడు కూడా ఏమీ అనిపించలేదు, ఆ థాంక్స్ మాత్రం గుండెలో ఎక్కడో దిగి అక్కడే ఉండిపోయింది. అయినా అది తనకే చెప్పాడు. చివర్లో జెరూ అనలేదు.

బండి మీద నడుం పట్టుకోలేదు హదస్సా. వెనక కడ్డీ పట్టుకుంది. సంగీత్ చౌరస్తా దగ్గర ఎర్రలైటు, చుట్టూ ఆటోలు, బస్సు పొగ, సాయంత్రం ఎండ సూటిగా కళ్ళల్లోకి. ఆశీష్ హెల్మెట్ అద్దం ఎత్తి, తల తిప్పకుండానే అడిగాడు. "నేను మాట్లాడితే ఆమెకు ఇనపడ్తదా?"

"తెల్వదు. లోపలున్నోళ్ళకు ఒక్కోసారి ఇనపడ్తది."

లైటు మారింది. అతను బండి ముందుకు పోనిచ్చి మాట్లాడడం మొదలుపెట్టాడు. జెరూ, అన్నాడు. గట్టిగా, హారన్ల మీదుగా, దారి వైపే చూస్తూ. జెరూ, నేను అడ్గలే, తప్పు నాదే, నువ్వు పాడుతలేవు ఎందుకని అడిగిన కాని నువ్వు ఎక్కడున్నవని అడ్గలే. గాలి సగం మాటలను ఎత్తుకుపోతోంది. హదస్సా కడ్డీ వదిలి, తన హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుని, ముందుకు వంగి చెవిని అతని భుజం దగ్గరికి తెచ్చింది, ఒక్క మాట కూడా పోకుండా. అతను కెజియా అన్నాడు. ఎవరు కెజియా అనుకుని, వెంటనే తెలిసింది, పాపకు వాళ్ళిద్దరూ అనుకున్న పేరు. రెండేళ్ళలో ఆ పేరు అతను ఇంట్లో పలకలేదు, అందుకే ఇంతదాకా ఆమెకు తెలియదు. కెజియాను నేను ఒక్కన్నే తీస్కపోయిన జెరూ, నువ్వు రాలేకపోతివి, డబ్బా ఇంతే ఉండె, ఒళ్ళనే పెట్టుకున్న, మట్టి వెయ్యనీకి చేతులు రాలే. ఆలుగడ్డ బావి దాటారు. పైన మెట్రో రైలు పోతుంటే ఆగాడు, అది పోయాక మళ్ళీ మొదలుపెట్టాడు. నువ్వు రానవసరం లేదు, అన్నాడు. రమ్మంటలే. నీకు ఇష్టమైనప్పుడే రా, రాకున్నా మంచిదే, కాని నువ్వు ఒక్కదానివే ఏడ్వకు. ఈమె మంచిది. నన్ను మంచిగ చూసుకున్నది.

హదస్సా ఏడవలేదు. ఏడిస్తే వినపడదని. తన గొంతును, తన బాధను, తన రెండేళ్ళను అన్నిటినీ పక్కకు జరిపి, ఇంట్లోకి చుట్టం వస్తే సామాను సర్దినట్టు సర్ది, చెవి నుంచి చివరి గది దాకా దారి ఖాళీ చేయాలని చూసింది. భయపడుతూనే, మొదటిసారి, ఆ గది వాకిట దాకా వెళ్ళింది. రోసమ్మ చిట్టిని ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చుని ఉంది. జరిగి చోటిచ్చింది. తలుపు మూసే ఉంది. లోపల నుంచి ఏడుపు వినిపించిందా, లేక ముందు కూర్చున్న మనిషిదేనా, మెట్టుగూడ ట్రాఫిక్‌లో తెలియలేదు.

క్వార్టర్ ముందు బండి ఆగింది. ఆమె దిగింది. ఆశీష్ ఇంజను ఆపి, హెల్మెట్ తీసి, మారేడ్‌పల్లిలో బయలుదేరాక మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. అక్కడ ఎవరిని వెతుకుతున్నాడో ఆమెకు తెలుసు, అయినా చూపు తిప్పుకోలేదు.

"విన్నదా?" అని అడిగాడు.

"ఆమె సంగతి తెల్వదు ఆశీష్" అంది హదస్సా. "నేనైతే విన్న."

అతను తల ఊపాడు. బండికి స్టాండు వేయడం మరచిపోయి, రెండు చేతులతో దాని బరువును అలాగే పట్టుకుని, ఆమె గేటు తీసేదాకా నిలబడి ఉన్నాడు.